రిచీ వీధి యంత్రమూ, కత్తిరి ఎండలూ

మన యిండ్లలోకి యంత్రాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. మొదట కుట్టు మిషను, తరువాత రేడియో, ఫ్యాను, ఆపైన గ్రైండరు, ఫ్రిజ్జి, టీవీ. వీటిలో ఏ ఒక్కదానినీ మనం యింట్లో కూర్చుకున్నది లేదు. అంగడివాడు యిచ్చాడు, మనం తీగ తగిలించాము, అది తిరిగింది. తిరగకపోతే మెకానిక్కుకు కబురు చేశాము. అంతవరకే మన పరిచయం. కంప్యూటరు మాత్రం యీ వరుసలో చేరేది కాదు. పైకి మహా గహనమైన వస్తువులా కనబడుతుంది గాని, విప్పి చూస్తే ఏడెనిమిది భాగాలు. ఒక స్క్రూడ్రైవరు, ఒక ఆదివారం, కాస్త ఓపిక వుంటే ఎవరి యింట్లో వారు కూర్చుకోవచ్చును. అంతే కాదు, కూర్చిన తరువాత కంపెనీవారు నిర్ణయించిన వేగాన్ని మించి దానిని పరుగెత్తించవచ్చును కూడా. ఈ రెండో పనికి ఓవర్‌క్లాకింగు అని పేరు. ఈ రెండు పనులూ 2023లో పెరంబూరులోని మా యింట జరిగాయి. మొదటిది ఎవరైనా చేయదగినదే. రెండోది మన చెన్నపట్నంలో చేసేటప్పుడు కొంత ఆలోచించి చేయవలసినది. ఆ సంగతి చెప్పడానికే యీ నాలుగు మాటలూ రాస్తున్నాము.

మా ఉద్యోగం రేవు దగ్గర ఒక క్లియరింగు ఆఫీసులో గుమాస్తాగిరీ. చదువు మెట్రిక్యులేషనుతో ఆగింది. మావారు రైలు పెట్టెల కార్ఖానాలో ఫిట్టరు. మా అమ్మాయి అప్పటికి పన్నెండో తరగతి. చిన్నప్పటినుంచీ దానికి బొమ్మల పిచ్చి. ఆ పిచ్చి కాగితం మీదనుంచి కంప్యూటరు మీదికి ఎక్కింది. బ్లెండర్ అని ఒక సాఫ్ట్‌వేరు వుంది. ఉచితంగా దొరుకుతుంది. దానితో బొమ్మను మట్టితో చేసినట్టు అన్నివైపులా మలచి, వెలుగు నీడలు పెట్టి, నడిపించవచ్చును. పెద్ద పెద్ద సినిమాలలో మనం చూసే మాయలన్నీ యీ జాతివే. కాలేజీలో ఆ చదువే చదువుతానని అమ్మాయి పట్టు. బి.కాం.లో చేర్పిస్తే మీ ఆఫీసులోనే ఎక్కడో కుదురుతుంది గదా అని చుట్టాల సలహా. ఆ చదువుకు చేర్చుకునే ముందు, సొంతంగా చేసిన బొమ్మలు కొన్ని చూపమని కాలేజీవారు అడుగుతారట. చేయడానికి యంత్రం లేదు. మా దగ్గర వున్నదల్లా చీటీ ఎత్తిన 35 వేల రూపాయలు. ఆ డబ్బు కాలేజీ మొదటి కంతుకని దాచినది. అందులోంచి యంత్రం కొంటే కంతుకు మళ్లీ ఆరు నెలలు కూడబెట్టాలి. కొన్న యంత్రం కాలిపోతే రెండోది కొనే ప్రసక్తే లేదు. చదువరులు యీ లెక్కను మనసులో వుంచుకొని మిగతాది చదవగోరుతున్నాము.

ఆ సొమ్ముకు తయారుగా దొరికే పెట్టెలను కొన్నింటిని చూశాము. వాటిలో మెమరీ సగమే, తరువాత పెంచడానికి చోటు తక్కువ. "మనమే కూర్చుకుందామమ్మా" అన్నది అమ్మాయి. మావారికి గురి కుదరలేదు. "గుండుసూదంత వస్తువు వంకర పోతే వేలు వేలు పోతాయి తల్లీ, మనలాంటి వాళ్ల పనా యిది?" అన్నారు.

మనలాంటి వాళ్ల పని కాదనే మాట కంప్యూటరు విషయంలో చెల్లదు. నాటి చిత్తూరు జిల్లాలో కాటూరు అనే పల్లెలో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల రెడ్డిగారు మన గిండీ ఇంజనీరింగు కాలేజీలోనే చదివి 1958లో పట్టా పుచ్చుకున్నారు. అదీ సివిల్ ఇంజనీరింగులో. ఆయన రాజ్ రెడ్డి పేరుతో అమెరికాలో, యంత్రానికి మనిషి మాట వినిపించి అర్థం చేయించే విద్యలో పేరుగాంచి, 1994లో కంప్యూటరు శాస్త్రానికి పరమ గౌరవమైన ట్యూరింగు బహుమానం అందుకున్నారు. మన పక్క వూరి తెలుగు పిల్లవాడు ఇంత చేశాడు గదా. మనం నాలుగు మరలు బిగించలేమా అని మేమన్నాము. గుమాస్తాల సంగతి వేరే చెప్పాలా? 1960 దశకంలో జీవిత బీమా సంస్థ కంప్యూటరు తెస్తానంటే ఉద్యోగాలు పోతాయని కలకత్తాలో ఉద్యోగులు పెద్ద ఆందోళనే చేశారు. ఈనాడు కంప్యూటరు లేని రోజున మా ఆఫీసు తలుపులు తీయడం దండుగ. భయపడిన వస్తువుతోనే బతుకుతున్నాము.

కాబట్టి జనవరిలో ఒక శనివారం మేమూ అమ్మాయీ రిచీ వీధికి వెళ్లాము. మౌంటురోడ్డునుంచి లోపలికి తిరిగితే రిచీ వీధి, దానిని అంటుకొని నరసింగపురం వీధి, మీరాన్ సాహెబు వీధి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదగవలసిన సందులు. ఆ సందులలో, మెట్ల కింద, మేడల మీద, ఎక్కడ చూసినా ఎలక్ట్రానిక్ సామాను. మన తెలుగువారికి ఆ చుట్టుపక్కల నేలతో పాత చుట్టరికమే వుంది. పక్కనే వున్న చింతాద్రిపేట 1734లో నేతపనివారి కోసం కట్టిన పేట. సుంకురామ చెట్టిగారి తోట వుండిన చోట దానిని వెలయించారు. చిన్న తరిపేట అనే మాటే చింతాద్రిపేట అయిందంటారు. తరి అంటే తమిళంలో మగ్గం. ఆనాడు మగ్గాల చప్పుడు, ఈనాడు యీ సామాను బేరాలు.

బేరానికి మూడు భాషలు చాలు: తమిళం, తెలుగు, హిందీ. ఒక అంగడిలో తమిళంలో ధర అడిగి, మాలో మేము తెలుగులో మాట్లాడుకుంటుంటే, అంగడాయన "మాదీ నెల్లూరేనమ్మా" అని 200 తగ్గించాడు. మరొక అంగడిలో సీలు విప్పిన మెమరీ కొత్తదని చూపించారు. అమ్మాయి దాని అంచున వుండే బంగారు రంగు పళ్లను వెలుతురుకు పట్టి చూసింది. వాటి మీద గీతలు వున్నాయి. అంటే ఒకసారి ఎక్కడో దూర్చి తీసినదన్న మాట. నమస్కారం పెట్టి దిగి వచ్చాము. సీలు వుండాలి, కొన్న ప్రతి వస్తువుకూ దాని నంబరు వేసిన బిల్లు వుండాలి. ఈ రెండూ లేనిచోట ఎంత చవక అయినా కొనరాదు.

ఆనాడు మేము యిచ్చిన ధరలు యివి. ప్రాసెసరు, అంటే లెక్కలు చేసే తలకాయ, ఎ.ఎం.డి. వారి రైజెన్ 3 3200జి: 7,600. మదర్‌బోర్డు, బి450 రకం: 5,900. మెమరీ 16 జి.బి.: 3,200. దాచుకునే ఎస్.ఎస్.డి. 500 జి.బి.: 2,500. కరెంటు యిచ్చే ఎస్.ఎం.పి.ఎస్., 450 వాట్లు: 2,700. పెట్టె: 2,000. తెర: 6,600. కీబోర్డు, మౌసు: 900. యు.పి.ఎస్.: 2,800. వెరసి 34,200. ఆపరేటింగు సిస్టముకు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నాము గనుక దానికి ఖర్చు లేదు.

ఈ పట్టీలో మూడు విషయాలు చెప్పదగినవి. ఒకటి, యీ ప్రాసెసరులోనే బొమ్మల విభాగం కూడా కలిసి వుంటుంది. విడిగా గ్రాఫిక్సు కార్డు కొననక్కరలేదు. మా బడ్జెటుకు అదే ప్రాణం. రెండు, మెమరీని 16 జి.బి. ఒకే పలకగా కాక 8 చొప్పున రెండు పలకలుగా కొన్నాము. ఒక తూము బదులు రెండు తూములనుంచి నీరు పారినట్టు, రెండు పలకలుంటే సమాచారం రెట్టింపు పారుతుంది. ధరలో తేడా వందో యాభయ్యో. మూడు, ఎస్.ఎం.పి.ఎస్. దగ్గర పిసినారితనం కూడదు. పెట్టెకు అద్దాలూ రంగుదీపాలూ వున్నాయని దానికి ఎక్కువ పెట్టి, ఎస్.ఎం.పి.ఎస్. నాసిది కొనేవారు అక్కడ చాలామంది కనబడ్డారు. అది చెడితే తాను ఒక్కటే పోదు, తక్కినవాటిని కూడా వెంట తీసుకొని పోతుంది.

సామాను యింటికి వచ్చినా మావారు వెంటనే విప్పనివ్వలేదు. మాది పాతకాలపు యిల్లు. గోడలో మూడు రంధ్రాల ప్లగ్గు వుంది గాని, మూడో రంధ్రానికి వెనుక ఎర్తు తీగ వున్నదో లేదో ఎవరూ చూడలేదు. ఆయన పరీక్ష దీపం పెట్టి చూస్తే ఎర్తు లేదు. ఇటువంటి యిండ్లలోనే కంప్యూటరు పెట్టెను ముట్టుకుంటే చేతికి చురుక్కుమంటుంది. ఎలక్ట్రీషియనును పిలిచి కొత్త ఎర్తు వేయించాము. అది 1,800 అయింది. చీటీ డబ్బు దాటి మా జీతంలోంచి పెట్టిన మొదటి ఖర్చు అదే. పాత యిండ్లలో వుండేవారు కంప్యూటరు కంటె ముందు యీ పని చేయించుకోవాలని మా మనవి.

ఆదివారం ఉదయం పూజ అయిన తరువాత వంటింటి బల్ల తుడిచి పని మొదలు పెట్టాము. వొంటిలో వుండే స్థిర విద్యుత్తు పోవడానికి ముందుగా పెట్టె యినుమును ముట్టుకోవాలి. మన వూరి చెమ్మగాలిలో ఆ భయం తక్కువే అయినా ముట్టుకోవడానికి పన్ను లేదు గదా. ప్రాసెసరు అడుగున 1,331 సూదికాళ్లు. దాని మూలన ఒక బంగారు త్రికోణం, బోర్డు మీది గూటి మూలన మరొక త్రికోణం. రెండూ ఒకే మూలకు వచ్చేటట్టు పెడితే, నొక్కకుండానే, ప్రమిదలో వత్తి దిగినట్టు దిగుతుంది. నొక్కవలసి వచ్చిందీ అంటే ఎక్కడో తేడా వున్నదన్న మాటే. దాని మీద చల్లార్చే ఫ్యాను. అడుగున వేడి లాగే లేపనం కంపెనీవారే పూసి వుంచారు. నాలుగు మరలు బిగించే ఘట్టం వచ్చేసరికి మావారు అమ్మాయి చేతిలోంచి స్క్రూడ్రైవరు పుచ్చుకున్నారు. "ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోకూడదు తల్లీ. ఒక మూల రెండు చుట్లు, దాని ఎదురు మూల రెండు చుట్లు. రైలు చక్రానికైనా యిదే పద్ధతి" అని తానే బిగించారు. అంతవరకు దూరంగా కూర్చున్న మనిషి అప్పటినుంచి మధ్యాహ్నం భోజనం దాకా బల్ల వదలలేదు.

మూడు గంటలకు మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే వుంది. అమ్మాయి ముఖం పాలిపోయింది. మొదటిసారి కరెంటు ఎక్కినప్పుడు బోర్డు తన మెమరీతో సర్దుకోవడానికి కొంత వ్యవధి తీసుకుంటుందని దాని పుస్తకంలో రాసి వుంది. చదివిన సంగతే అయినా, 34 వేలు బల్ల మీద వుండగా ఆ నిమిషం నిమిషంలా నడవలేదు. మా అత్తగారు దేవుడి గది వైపు చూశారు. ఇంతలో తెర వెలిగింది.

ఇక రెండో పని. ప్రాసెసరు లోపల ఒక గడియారం కొట్టుకుంటూ వుంటుంది. ప్రతి కొట్టుకు కాస్త పని జరుగుతుంది. మా ప్రాసెసరుకు మూల గడియారం సెకనుకు 10 కోట్ల కొట్లు, అంటే 100 మెగాహెర్ట్జ్. దానిని 36తో హెచ్చిస్తే 3.6 గిగాహెర్ట్జ్. ఇది దానికి రాసిచ్చిన వేగం. పని పడినప్పుడు తనంతట తానే 4.0 దాకా పోతుంది. ఈ గుణకాన్ని మనం మార్చి, రాసిచ్చినదానికంటె ఎక్కువ వేగంతో నడపడమే ఓవర్‌క్లాకింగు. గుమాస్తాలకు చప్పున తెలిసే మాటలో చెప్పాలంటే యిది యంత్రానికి ఓవరుటైము. అదనపు పనికి అదనపు భత్యం యివ్వాలి. ఆ భత్యం వోల్టేజి. భత్యం పెరిగినకొద్దీ వేడి పెరుగుతుంది.

రాసిచ్చినదానికంటె ఎక్కువ ఎలా పోగలదు? ఒకే పిండితో ఒకే పాత్రలో వేసిన ఇడ్లీలైనా అన్నీ ఒకే తీరున పొంగవు గదా. ప్రాసెసర్లూ అంతే. ఒకే సిలికాను పళ్లెంమీద వందల కొలది తయారవుతాయి. కొన్ని ఎక్కువ వేగాన్ని తట్టుకుంటాయి, కొన్ని తక్కువ. అన్నింటికీ భద్రంగా వుండేటట్టు కొంత వెసులుబాటు వుంచి కంపెనీవారు వేగం నిర్ణయిస్తారు. ఆ వెసులుబాటును వాడుకోవడమే యీ విద్య. 1998లో ఇంటెల్ వారు సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసరు విడుదల చేశారు. 66 మెగాహెర్ట్జ్ మూల గడియారాన్ని నాలుగున్నరతో హెచ్చించగా దాని వేగం 300. ఆ మూల గడియారాన్ని 100కు మార్చితే అదే ప్రాసెసరు 450తో నడిచేది. సగానికి సగం వేగం ఉచితం! లోకమంతటా బీద కుర్రాళ్లకు యీ విద్య మీద మోజు పుట్టించినది అదే. ఈనాటి ప్రాసెసర్లు అంత వెసులుబాటు మిగల్చవు. వాటిలో వున్నదానిని చాలావరకు కంపెనీవారే పిండి యిస్తున్నారు. ఈ సంగతి ముందుగా తెలిస్తే ఆశ హద్దులో వుంటుంది.

మా యింట వాదం యిక్కడే వచ్చింది. ప్రాసెసరుకు మూడేళ్ల వారంటీ. ఓవర్‌క్లాకింగు వల్ల చెడితే ఆ వారంటీ చెల్లదని ఎ.ఎం.డి. వారు స్పష్టంగా రాశారు. "మూడేళ్ల భరోసాను నాలుగు నిమిషాల కోసం వదులుకుంటారా?" అని మావారు. "ఒక్కొక్క బొమ్మ పూర్తి కావడానికి పదకొండు నిమిషాలు పడుతున్నది నాన్నా. పది సెకన్ల కదలికకు 240 బొమ్మలు కావాలి" అని అమ్మాయి. 240 బొమ్మలకు పదకొండు నిమిషాల చొప్పున లెక్క వేస్తే 44 గంటలు. ఇద్దరిదీ న్యాయమే. మేము ఒక తీర్పు చెప్పాము. ముందు భయం తక్కువగా వున్న పని, తరువాత భయం వున్నది. ఒక్కసారి ఒక్క మెట్టే. ప్రతి మెట్టుకూ లెక్క పుస్తకంలో నాలుగు గడులు: వేగం, వోల్టేజి, వేడి, పట్టిన కాలం. పుస్తకంలో లాభం కనబడని మెట్టు ఎక్కరాదు.

భయం తక్కువైనది మెమరీ. మా పలకలు 3200 రకమే అయినా బోర్డు వాటిని మొదట 2400 దగ్గరే నడిపింది. సెట్టింగులలో ఒక్క వరుస మార్చితే పలక మీద రాసి వున్న 3200కు పోతుంది. ఈ ప్రాసెసరుకు కంపెనీవారు ఒప్పుకున్న హద్దు 2933 కాబట్టి యిది కూడా ఒక విధంగా ఓవర్‌క్లాకింగే. రెండు పలకలతో 2400 దగ్గర సెకనుకు 38.4 జి.బి. పారుతుంది, 3200 దగ్గర 51.2. అంటే మూడో వంతు ఎక్కువ. బొమ్మల విభాగానికి సొంత మెమరీ లేదు గనుక యీ పారుదలే దానికి ఆహారం. మార్చగానే అమ్మాయి బొమ్మను తెరమీద తిప్పేటప్పుడు వుండిన గతుకులు చాలావరకు పోయాయి. రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష పెట్టి పడుకున్నాము. తెల్లవారి చూస్తే ఒక్క తప్పు లేదు. పుస్తకంలో ఖర్చు గడి ఖాళీ, లాభం గడి నిండు.

తరువాత ప్రాసెసరు. అమ్మాయి గుణకాన్ని పట్టి పట్టి జరిపింది. నాలుగు కోర్లూ 3.9 దగ్గర 1.25 వోల్టులతో నిలకడగా వున్నాయి. 4.0కు మరికొంత. 4.1 దగ్గర నిలబడడానికి 1.375 కావలసి వచ్చింది. 4.2 దగ్గర ఎంత యిచ్చినా యంత్రం బిగుసుకుపోయింది. అంతకుమించి యివ్వవద్దని మేమే అన్నాము. నిలకడను పరీక్షించడానికి ప్రైమ్95 అని ఒకటి వుంది. లినక్స్‌లో దానిని ఎంప్రైమ్ అంటారు. మెర్సెన్ ప్రధాన సంఖ్యలను లోకమంతా కలిసి వెదికే ప్రయత్నం కోసం 1996లో పుట్టినది. అంకెలు గుణించి గుణించి ప్రాసెసరుకు ఊపిరాడనివ్వదు. దాని ముందు గంటసేపు తప్పు లేకుండా నిలిస్తే చాలావరకు నమ్మవచ్చును. జనవరిలో, గది వేడి 27 డిగ్రీలు వున్నప్పుడు, 4.1 దగ్గర ప్రాసెసరు వేడి 84 డిగ్రీలు. ఒక బొమ్మకు పట్టే కాలం 680 సెకన్లనుంచి 640కి దిగింది. అమ్మాయికి పండగ.

మేము మాత్రం పుస్తకంలో మరొక లెక్క వేశాము. ప్రాసెసరు తినే కరెంటు వేగాన్ని బట్టి వరుసగా పెరుగుతుంది. వోల్టేజిని బట్టి మాత్రం దాని వర్గంగా పెరుగుతుంది. 1.25నుంచి 1.375కు పోవడం పదింట ఒక వంతు హెచ్చే. కాని వర్గం చేస్తే 21 శాతం. దానిని వేగపు హెచ్చుతో గుణిస్తే 27 శాతం. వేగం పెరిగినది 5 శాతం. అయిదు రూపాయల సరుకుకు ఇరవైఏడు యిచ్చినట్టు. అయినా చలికాలం గనుక అమ్మాయి సరదా చెరపలేదు. "కత్తిరి ఎండలు రానీ, అప్పుడు పుస్తకం చెప్పినట్టు విందాము" అనుకున్నాము.

మన పంచాంగంలో కర్తరి, యిక్కడివారి మాటలో కత్తిరి. మే నెల 4వ తేదీ ప్రాంతంలో మొదలై 28 దాకా వుంటుంది. కర్తరిలో మట్టిపని, కట్టెపని పనికిరావని మా అత్తగారు గుర్తు చేశారు. కొత్తగా ఏమీ కూర్చడం లేదత్తయ్యా, వున్నదానిని పరీక్షించడమే అని చెప్పాము. ఆ యేడు మే నెలలో పట్నంలో ఎండ 40 డిగ్రీలు దాటింది. మేడ కింది మా గదిలోనే మధ్యాహ్నం 36. ఫ్యాను ఎంత తిరిగినా గదిలో వున్న గాలినే గదా ప్రాసెసరుమీద వూదుతుంది. ప్రాసెసరు వేడి అంటే గది వేడికి ఒక స్థిరమైన హెచ్చు కలపడమే. గది 9 డిగ్రీలు పెరిగితే అదీ 9 పెరిగింది: 93. దాని హద్దు 95. అక్కడికి చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గంట గడిచేసరికి ఒక బొమ్మకు 640 కాస్తా 690 అయింది. మామూలు వేగంకన్నా నెమ్మది! ఎక్కువ పరుగెత్తమంటే సొమ్మసిల్లి నడకలో పడింది.

గదికి ఏ.సి. పెడితే? దానికీ లెక్క వేశాము. ఓవర్‌క్లాకింగుకు అదనంగా 30 వాట్లు అనుకున్నా, రోజుకు 4 గంటల చొప్పున రెండు నెలలకు 7 యూనిట్లు. కాని ఒక టన్ను ఏ.సి. గంటకు ఒక యూనిట్ అనుకున్నా రెండు నెలలకు 240. మన కరెంటు బిల్లు రెండు నెలలకు 500 యూనిట్లు దాటితే రేటు వరుసే మారిపోతుందని పట్నంలో వుండే గృహిణికి ఎవరూ చెప్పనక్కరలేదు. యంత్రానికి చలిగది కట్టించే స్తోమతు మాకు లేదు.

అమ్మాయి రెండు రోజులు ముఖం ముడుచుకొని, మూడో రోజు తానే పుస్తకం తెచ్చి కూర్చున్నది. ఈసారి లెక్క తిరగేసింది. వేగం పెంచడం మాని, అదే 3.9కు ఎంత తక్కువ వోల్టేజి చాలునో వెదికింది. 1.25నుంచి దించుతూ దించుతూ 1.2 దగ్గర ఆగింది; ఇంకా దించితే పరీక్షలో తప్పులు వచ్చాయి. ఆ మెట్టు దగ్గర అదే మే నెల మధ్యాహ్నం వేడి 79 డిగ్రీలు. బొమ్మకు 680 సెకన్లు. గంటసేపు నడిపినా 680. ఫ్యాను గోల కూడా తగ్గింది. రాత్రి పది గంటలకు పనిలో పెట్టి పడుకుంటే, ఉదయం ఆరు గంటల వేళకు నలభై రెండు బొమ్మలు తయారు. ఆరు రాత్రులలో పది సెకన్ల కదలిక పూర్తయింది: వానలో తడిసిన పెరంబూరు వంతెన, దాని కింద టీ కొట్టు, కొట్టు దీపం చుట్టూ వుసుళ్లు. దానిని కాలేజీవారికి చూపించింది. సీటు వచ్చింది. మొదటి కంతు మా ఆఫీసు సొసైటీలో అప్పు తీసి కట్టాము. ఆ అప్పు మరుసటి యేడు తీరింది.

అదే యేడు డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. మా వీధిలో మోకాలి లోతు నీరు. కరెంటు పోకముందే యు.పి.ఎస్. బలంతో యంత్రాన్ని సక్రమంగా ఆపి, తీగలన్నీ వూడదీసి, పెట్టెను అటక మీదికి ఎక్కించాము. నీరు తీసిన తరువాత నాలుగు రోజులు గోడలు ఆరే దాకా దానిని ముట్టలేదు. తడి గోడల మధ్య ఆదరాబాదరాగా కరెంటు పెట్టినందువల్ల ఇరుగుపొరుగున రెండు టీవీలు పోయాయి. నేలమీద పెట్టుకునే ఆచారం వున్నవారు కంప్యూటరును బల్లమీదికి ఎక్కించడం మంచిది. రెండు నెలలకొకసారి పెట్టె తెరిచి, మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. మన వూరి గాలిలో దుమ్ముకు సముద్రపు చెమ్మ కూడా తోడై ఫ్యాను రెక్కలకు జిడ్డులా పట్టుతుంది. వెనుకవైపు వాడని సందులు మూసి వుంచాలి. వెచ్చదనానికి బల్లులు చేరుతాయి.

కూర్చుకోదలచినవారికి మరొక మాట. మేము కొన్న ధరలు యిప్పుడు లేవు. 2025 చివరనుంచి మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి. కొత్త మెమరీ అందుబాటులో లేకపోతే ముందు 8 జి.బి.తో మొదలు పెట్టి తరువాత మరొక పలక చేర్చవచ్చును. అందుకు వీలుగా మెమరీ గూళ్లు నాలుగో, కనీసం రెండో వున్న బోర్డు చూసి కొనాలి. యింట్లో కూర్చిన యంత్రంలో వున్న సౌకర్యం అదే. మా బోర్డులోనే, దాని లోపలి ప్రోగ్రాము సవరించుకొని, ఆ తరువాత వచ్చిన ఆరు కోర్ల ప్రాసెసరు పెట్టుకోవచ్చును. అమ్మాయి దాని మీద కన్ను వేసి వుంది. మళ్లీ ఒక చీటీ కడుతున్నాము.

ఓవర్‌క్లాకింగు సంగతి అడిగేవారికి మా అనుభవం యిది. మెమరీని దాని మీద రాసివున్న వేగానికి తేవడం ఎవరైనా చేసుకోవచ్చును. లాభం కంటికి కనబడుతుంది. ప్రాసెసరును తొందరపెట్టడం సరదాకు, నేర్చుకోవడానికి మంచిదే గాని, మన పట్నంలో మార్గశిరంలో పెట్టిన లెక్క వైశాఖంలో నిలవదు. ఏ యంత్రానికైనా అసలు వేగం మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు కొలిచినదే. ఆ లెక్క పుస్తకం మా యింట్లో యిప్పటికీ వుంది. సంఘంలో ఎవరి పిల్లలైనా చూడగోరితే ఆదివారం పూట రావచ్చును. అమ్మాయి చూపిస్తుంది, మరలు బిగించే పద్ధతి మాత్రం మావారే చెబుతారు.